చుట్టాలు లేని ఊరు

పనీ లేదు, మొక్కూ లేదు, రమ్మని పిలిచినవాళ్లూ లేరు. అలాంటి ఊరికి ఒక మనిషి ఒంటరిగా ఎందుకు పోవాలనుకుంటుంది? కాశీకి పోయేవాళ్లకు పుణ్యం కావాలి. మద్రాసుకు పోయేవాళ్లకు సరుకు కావాలి. కడప కోర్టుకు పోయేవాళ్లకు వాయిదా ఉంటుంది. ఇవేవీ కాకుండా, ఊరికే పోయి, ఊరికే నాలుగు రోజులు ఉండి రావాలనే కోరిక మనసులో ఏ మూల పుడుతుందో, అది కొందరిలోనే ఎందుకు పుడుతుందో ఎన్ని పుస్తకాలు తిరగేసినా, ఎంత వయసు మీదపడినా తేలలేదు. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో కాన్పుల వార్డు నడిపిన సుంకులమ్మ గుర్తుకొచ్చినప్పుడల్లా ఆ ప్రశ్న మళ్లీ వచ్చి ఎదురుగా కూర్చుంటుంది.

సుంకులమ్మది పులివెందుల అవతల, వేముల దగ్గర ఒక పల్లె. తండ్రి గంగులయ్యకు రెండు వందల గొర్రెలుండేవి. పంటలు ఇంటికి చేరాక మందను తోలుకొని కొండలు దాటి, పెన్న ఒడ్డున ఉన్న నల్లరేగడి చేల దాకా వచ్చేవాడు. రాత్రికి ఒకరి చేనిలో మంద పెడితే ఆ చేనికి ఎరువు, గంగులయ్యకు జొన్నలు. వానలు పడేదాకా అదే బతుకు. అలా వచ్చిన ఒక ఏడు, జమ్మలమడుగు పొలిమేరలో భార్య తిరుపాలమ్మకు నెలలు నిండకముందే నొప్పులు మొదలయ్యాయి. చేనుగలాయన ఎద్దుల బండి కట్టించి మిషన్ ఆసుపత్రికి చేర్చాడు. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు.

తల్లికి తోడుగా పదిహేనేళ్ల సుంకులమ్మ మూడు వారాలు ఆ వార్డు వరండాలో ఉంది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. పక్క మంచాల వాళ్లకు నీళ్లు తాపింది. దుప్పట్లు ఆరేసింది. ఒకనాడు పురిటి గదిలో మనుషులు చాలక తలుపు దగ్గర నిలబడమంటే, నిలబడలేదు, లోపలికి వచ్చి లాంతరు పట్టుకుంది. గొర్రె కడుపులో పిల్ల అడ్డం తిరిగితే చెయ్యి ఎట్లా పెట్టాలో పదేళ్లప్పుడే నేర్చుకున్న పిల్ల. రక్తం చూసి ఆమె లాంతరు పక్కకు తిప్పలేదు. అది చూసిన దొరసాని డాక్టరమ్మ, ఈ పిల్లను నా దగ్గర వదిలిపోతావా అని గంగులయ్యను అడిగింది.

"నన్నడిగే మాటేంది తల్లీ అది? మేసేది అది. దాన్నే అడుగు" అన్నాడు గంగులయ్య.

అడిగారు. ఉండిపోయింది.

ఆ ఉండిపోవడం పదిహేడేళ్లయింది. చదువు నేర్చింది, పరీక్షలు రాసింది, తెల్ల చీర కట్టింది. మతం మారలేదు, మారమని ఎవరూ గట్టిగా అడగనూ లేదు. పెళ్లి మాటలు రెండుసార్లు వచ్చి, పోయాయి. చుట్టుపక్కల ఇరవై ఊళ్లలో సుంకులమ్మ చేతిలో పడని పిల్లలు తక్కువ. కొండాపురం నుంచి బండి మీద వచ్చినా, ముద్దనూరు నుంచి బస్సులో వచ్చినా గేటు దగ్గర మొదట అడిగే మాట ఒకటే: "సుంకులమ్మ ఉండాదా?" ఉంటే సగం భయం తీరిపోయేది. ఆమె గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్లు లేరు. నొప్పులు పడే మనిషి తల దగ్గర కూర్చొని, గొర్రెల గురించి, కొండల గురించి, వాగుల గురించి తాపీగా ఏదో చెబుతుండేది. అరిచే మనిషి ఆ మాటలు వినడం కోసం అరవడం ఆపేది.

వార్డు గోడకు ఒక ఇత్తడి గంట ఉండేది. నొప్పుల మనిషి గేటు దాటగానే దాన్ని కొట్టేవాళ్లు. పదిహేడేళ్లలో ఆ గంట మోగకుండా ఆమె తిన్న భోజనాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. సెలవు పెట్టి పల్లెకు పోతే గంట లేదు గాని, తెల్లవారేసరికి తిరుపాలమ్మ గడప ముందు కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఆరుగురు కూర్చొని ఉండేవాళ్లు. సుంకులమ్మ విసుక్కోలేదు. చేతులు కడుక్కొని వచ్చేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగో ఏడు, ఎండాకాలం చివర, ఆమెను తొమ్మిది నెలల శిక్షణకు ఇంగ్లాండు పంపాలని మిషన్ వాళ్లు నిర్ణయించారు. టిక్కెట్లు చూసే మద్రాసు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. బొంబాయిలో ఓడ ఎక్కాలి. ఇటలీలో నేపుల్స్ రేవులో దిగాలి. అక్కడి నుంచి రైలు. శిక్షణ మొదలు కావడానికి నాలుగు రోజులు అదనంగా ఉన్నాయి కాబట్టి, దారిలో రోమ్, ఫ్లారెన్స్, మిలాన్, జెనీవా, పారిస్, ఈ ఐదింటిలో ఏదో ఒక ఊరిలో దిగి ఆ నాలుగు రోజులు ఉండవచ్చు. రైలు ఛార్జీలో తేడా రాదు, బస ఖర్చు మాత్రం సొంతం. ఊరి పేరు నెలాఖరులోగా తెలపాలి.

సుంకులమ్మ ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివింది. అందులో ఫలానా తేదీన హాజరు కావాలి, ఫలానా కాగితం చూపాలి, ఫలానా టీకా వేయించుకోవాలి అనే వాక్యాలే నిండా ఉన్నాయి. ఒక్క చోట మాత్రం మీ ఇష్టం అని ఉంది. తన ఇష్టం ఏమిటని ఒక కాగితం అడగడం ఆమె ఎరుగదు. ఉత్తరాన్ని మడిచి రవికలో పెట్టుకొని పనిలోకి పోయింది. ఆ పూట రెండు కాన్పులు చేసింది గాని, మనసు అప్పుడప్పుడు రవికలోని కాగితం మీదికి పోతూనే ఉంది. నాలుగు రోజులు. గంట ఉండదు. గడప ముందు ఎవరూ కూర్చోరు. సుంకులమ్మ ఉండాదా అని అడిగే మనిషి ఊరంతా గాలించినా దొరకదు.

వార్డులో ఆయాగా ఉన్న హఫీజాకు చెప్పడమే ఆమె చేసిన పొరపాటు. మధ్యాహ్నానికి ఆసుపత్రికి తెలిసింది, సాయంత్రానికి ఊరికి తెలిసింది. ఈ ప్రాంతంలో ఒకరు ప్రయాణం కడితే వీధి వీధంతా వాళ్ల చేతిసంచిలో ఎక్కి కూర్చుంటుంది. కడపకు పోయేవాళ్ల చేతికే అల్లుడింటికి పచ్చడి జాడీ, కోడలికి గాజులు, వకీలుకు కాగితాలు ఇచ్చి పంపే మనుషులు, ఇంగ్లాండుకు పోయే మనిషిని ఒట్టి చేతులతో పోనిస్తారా?

"పారిసే మేలక్కా. మా చిన్నామె పెండ్లికి అత్తరు తేవచ్చు" అంది హఫీజా.

"అత్తరు కోసం నేను పారిస్ పోవాల్నా?"

"అత్తరు కోసం కాదులే. ఎట్లాగూ పోతాండావు గదా అని."

జవుళి అంగడి రంగన్నకు మిలాన్ కావాలి. అక్కడ మగ్గాలు ఎట్లా ఆడతాయో నాలుగు దినాలూ చూసి వచ్చి చెప్పాలి. హైస్కూలు హెడ్మాస్టరుకు రోమ్ కావాలి. పాత గోడల బొమ్మలు గీసుకొని రావాలి. డాక్టరమ్మకు జెనీవా. అక్కడ ఆమె స్నేహితులున్నారు. వాళ్లింట్లోనే ఉండవచ్చు, ఖర్చు లేదు. ఆదివారం వాళ్ల కూటంలో జమ్మలమడుగు ఆసుపత్రి గురించి నాలుగు మాటలు చెబితే వాళ్లు సంతోషిస్తారు. ఎవరి మాటలోనూ చెడు లేదు, అందరూ ఆమె మేలు కోరినవాళ్లే. కాని ఐదు ఊళ్లలో నాలుగు ఊళ్లు వారం తిరగకముందే ఆమె చేతిలోంచి జారిపోయాయి.

ఆ గురువారం ఆమెకు సెలవు. రేకు పెట్టె ఒకటి కొనాలని పొద్దుటూరు బస్సెక్కింది. గంగులయ్య మంద అప్పుడు పొద్దుటూరు పక్క చేలల్లోనే ఉంది. కబురు చేస్తే బస్సు దిగే చోటికి వచ్చి నిలబడ్డాడు, భుజాన కంబళి, చేతిలో కర్ర. తండ్రీ కూతుళ్లు నడుచుకుంటూ పెట్టెలు చేసే అల్లాబక్ష్ అంగడికి పోయారు. దారిలో ఐదు ఊళ్ల సంగతీ ఆమె తండ్రికి చెప్పింది. ఆయన ఊ కొడుతూ విన్నాడు.

అల్లాబక్ష్ నలభై ఐదేళ్ల మనిషి. రేకు మీద సుత్తి ఆడిస్తూనే తలెత్తాడు.

"పెట్టె కావాలప్పా" అన్నాడు గంగులయ్య.

"చేసేదానికే గదా కూచుండేది మామా. యాడికి పోయే పెట్టె?"

"పెట్టెకు ఊరేంది సాయిబూ?"

"పులివెందులకు పోయే పెట్టెకు ఒక రేకు, ఓడెక్కే పెట్టెకు ఇంకో రేకు."

"ఓడెక్కేదే అన్నా. నేపుల్స్‌లో దిగతాది" అంది సుంకులమ్మ.

సుత్తి ఆగిపోయింది. లోపలి నుంచి అల్లాబక్ష్ భార్య ఖదీజా గొంతు వినిపించింది. "అయిపోయె! ఆ దేశం పేరెత్తినారంటే ఈ పొద్దు పెట్టె లేదు, గిట్టె లేదు. కూచోండి, టీ పెడతా. మీరు లేచేది పొద్దు గూకినాకనే."

యుద్ధకాలంలో అల్లాబక్ష్ పట్టాళంలో వంతెనలు కట్టే కంపెనీలో ఉన్నాడు. ఏడాదిన్నర ఇటలీలో నదులు దాటించాడు. రేకు వంచడం అక్కడే నేర్చాడు. పొద్దుటూరులో ఆ సంగతి వినేవాళ్లు తొలి రెండేళ్లలోనే అయిపోయారు. పదహారేళ్ల తరువాత ఎవరో తమంతట తాము వచ్చి ఆ దేశం పేరెత్తడం ఇదే మొదలు.

సుంకులమ్మ ఐదు ఊళ్ల పేర్లూ చెప్పింది. ఏ ఊరికి ఎవరు పొమ్మన్నారో, ఎందుకు పొమ్మన్నారో అదీ చెప్పింది. అప్పుడు నోరు విప్పాడు గంగులయ్య.

"పాపా, మంద కంటే రెండు దినాలు ముందుగా పోయి నేను తావు చూసొస్తా గదా, ఏం చూస్తానో నీకు తెలుసునా?"

"నీళ్లు చూస్తావు. నీడ చూస్తావు."

"అవి గొర్రెలు గూడా చూస్తాయి. నేను చూసేది, ఆ ఊర్లో మన చుట్టాలుండారా అని. ఉంటే ఆ ఊరు వదిలిపెడతా."

అల్లాబక్ష్ నవ్వాడు. "అదేంది మామా, చుట్టాలుంటే మేలు గదా!"

"యాడ మేలప్పా? చుట్టముండే ఊర్లో మంద ఎయ్యి, సూడు. తొలి దినం పొట్టేలు పోతాది, రెండో దినం నిద్ర పోతాది, మూడో దినం జొన్నలు అడిగితే మనం మనం ఒకటి గదా అంటాడు. మంద కదిలేటప్పుడు ఇంకో నాలుగు దినాలు ఉండలేదని అలుగుతాడు. తెలియనోడి చేను మేలు. ఇచ్చేది ఇస్తాడు, మన దోవన మనల్ని పోనిస్తాడు."

సుంకులమ్మ తండ్రి మొహం వైపు చూసింది. వారం రోజులుగా తన మనసులో మెదులుతున్నదానికి మాటలు దొరకలేదు. ఆ మాటలు ఈయన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నాయి.

"చెప్పు సాయిబూ. ఈ ఐదింట్లో మాకు ఎవరూ లేని ఊరేది?" అన్నాడు గంగులయ్య.

అల్లాబక్ష్ వేళ్లు మడిచాడు. "రోము శానా పెద్దది. మూడు దినాలుంటి, మూడు దినాలూ దోవ తప్పితి. మిలాను మిల్లులూరు, మన పత్తి మిల్లు ముందర నిలబడి పొగ పీల్చినా అంతే. పారిసు నేను చూడలా, దుడ్లుండేటోళ్ల ఊరంటారు. జెనీవాలో మీ డాక్టరమ్మ మనుషులుండారంటివి. ఇంక మిగిలేది ఫ్లారెన్సు."

"ఆడ నీళ్లు?"

"ఏరుంది మామా. మన పెన్న కంటే సన్నం. కానీ ఎండాకాలం గూడా నీళ్లుంటాయి."

"ఎండాకాలం గూడానా?" గంగులయ్య కాసేపు దాన్ని నమ్మడానికి ప్రయత్నించాడు. "నడకెంత?"

"ఈ కొస నుంచి ఆ కొసకు పొద్దున బయలుదేరితే ఎండ పడేలోగా పోవచ్చు. దోవ తప్పినా ఏరు కనపడతాది. జర్మనీవాళ్లు పోతా పోతా వంతెనలన్నీ పేల్చేసిరి, ఒక్కటే మిగిల్చిరి. ఆ వంతెన మీద అన్నీ అంగళ్లు, అదీ బంగారు అంగళ్లు! మన బజారును పెరికి తీసుకపోయి వంతెన మీద పెట్టినట్ల ఉంటాది."

"ఒంటి ఆడమనిషి పండుకొనేదానికి?"

"మఠాలుండాయి. కన్యస్త్రీలు నడుపుతారు. మంచం, దుప్పటి, రొట్టె ఇస్తారు. తక్కువలోనే అయిపోతాది. పొద్దు మునిగితే తలుపేస్తారు, అంతే. రొట్టెలో మాత్రం ఉప్పు ఎయ్యరు."

"ఉప్పు ఎయ్యరా!" గంగులయ్య నిటారుగా కూర్చున్నాడు. "గొర్రెలకే ఉప్పు నాకిస్తాం గదప్పా మనం! పాపా, పిడికెడు ఉప్పు మూట కట్టుకొని పో."

టీ గ్లాసులు పెట్టడానికి వచ్చిన ఖదీజా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "ఓడ మీద ఉప్పుకు కరువేంది మామా? సముద్రమే ఉండాది."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే అల్లాబక్ష్ ఇంకా చెప్పుకుపోయాడు. కంపెనీ ఏటి ఒడ్డున గుడారాలు వేసిన సంగతి, ఎదురుగా కిటికీల నిండా ఉతికిన బట్టలు వేలాడుతుండే సంగతి, ఆ కిటికీలలో ఒకదాని నుంచి రోజూ తాడు కట్టిన బుట్ట కిందికి దిగే సంగతి చెప్పాడు. బుట్టలో ఒక రొట్టె, ఒక్కొక్క రోజు రెండు ఉల్లిగడ్డలు. ఆ ఇంటివాళ్లకే తిండి చాలని రోజులు అవి. అక్కడి దాకా వచ్చి ఆగి, సుత్తి చేతికి తీసుకున్నాడు.

"ఆ బుట్ట ఎవరు దించేదన్నా?" అని అడిగింది సుంకులమ్మ.

"ఉండె ఒకామె. ముసలామె."

"పేరు చెప్పు. వీధి చెప్పు. ఉంటే చూసొస్తా. ఏమన్నా చెప్పమంటే చెప్తా."

అల్లాబక్ష్ రేకు అంచు మీద బొటనవేలు ఆనించి, వంపు సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. పదహారేళ్లుగా ఆ పేరు ఆయన నాలుక చివర ఉందని ఖదీజాకు తెలుసు. ఆమె కూడా గ్లాసులు తీయకుండా నిలబడిపోయింది.

"వద్దు చెల్లెలా" అన్నాడు చివరికి. "పేరు చెప్తే ఆ ఊర్లో గూడా నీకొక చుట్టం తయారైతాది. నువ్వు నీ కోసరం పో."

గంగులయ్య కర్ర పక్కన పెట్టి, అల్లాబక్ష్ గ్లాసును తానే తీసి ఆయన చేతికి అందించాడు.

పెట్టెను అల్లాబక్ష్ చిన్నదిగానే చేశాడు. ఇంకొంచెం పెద్దది కావాలేమో అని సుంకులమ్మ అంటే ఒప్పుకోలేదు. "పెద్దది చేస్తే ఊరి సామాన్లన్నీ దాంట్లోకే వస్తాయి. నీ నాలుగు చీరలు పట్టితే చాలు" అన్నాడు. మరుసటి దినం మద్రాసు కంపెనీకి ఒక కార్డు పోయింది. అందులో రాసింది ఒక్క ఊరి పేరే. కంపెనీ వాళ్లు బదులు రాస్తూ, కన్యస్త్రీల మఠంలో నాలుగు రాత్రులకు ఒక మంచం ఏర్పాటు చేశామని తెలిపారు.

అక్కడితో అయిపోయిందనుకుంది సుంకులమ్మ. జెనీవా కాదని తెలిశాక డాక్టరమ్మ రెండు రోజులు కొంచెం ముభావంగా ఉంది. మూడో రోజుకు మామూలైపోయింది. హఫీజా కూడా అత్తరు మాట మానేసి, ఫ్లారెన్సులో బంగారం తులం ఎంతో కనుక్కొని రమ్మంది. శ్రావణమాసం వచ్చింది. ప్రయాణం పది రోజులుందనగా, ఒక పొద్దున డాక్టరమ్మ వార్డులోకి చేతిలో ఉత్తరం ఊపుతూ వచ్చింది.

"సుంకులమ్మా, దేవుడెంత మంచివాడో చూడు! ఫ్లారెన్సులో కూడా మనవాళ్లున్నారు. మా పాత స్నేహితురాలి అక్క, ఒంటరిగా ఉంటుంది. నిన్ను స్టేషనుకు వచ్చి తీసుకుపోతుంది. ఆమె ఇంట్లోనే నాలుగు రోజులూ ఉండవచ్చు. ఆదివారం పాతికమందిని పిలుస్తుందట. నువ్వు మన కాన్పుల వార్డు గురించి చెప్పాలి."

సుంకులమ్మ చేతిలో అప్పుడే పుట్టిన పిల్ల ఉంది. పిల్లను తల్లి పక్కన పడుకోబెట్టి, వెనక్కి తిరిగింది.

"వద్దమ్మా."

"అయ్యో, ఎందుకు వద్దు? వాళ్లకేమీ కష్టం కాదు."

"కష్టమని కాదమ్మా. నాకు వద్దు. మఠంలో మంచం చూసుకున్నా. అదే చాలు."

డాక్టరమ్మ నవ్వింది. చాలా ఆప్యాయంగా, ఆమె భుజం మీద చెయ్యి వేసి నవ్వింది. "నీ మొహమాటం నాకు తెలియదా? ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను మీ సీమ వాళ్లను. చాలు అంటే ఇంకో ముద్ద పెట్టమని గదా?"

ఆ పాఠం డాక్టరమ్మకు చెప్పింది సుంకులమ్మే. పదిహేనేళ్ల కిందట డాక్టరమ్మ ఒక రోగి ఇంటికి భోజనానికి పోయి వచ్చింది. తరువాత వాళ్లు తన ఇంటికి వచ్చినప్పుడు కాఫీ ఇవ్వబోతే వద్దన్నారు, ఈమె ఊరుకుంది. వాళ్లు నొచ్చుకున్నారు. అప్పుడు పదిహేడేళ్ల సుంకులమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "మా పక్క వద్దంటే వద్దని కాదమ్మా. ఇంకో రెండుసార్లు అడగమని" అని వివరంగా చెప్పింది. డాక్టరమ్మ ఆ మాటను మందు పేరు నేర్చుకున్నట్లు నేర్చుకుంది. అప్పటి నుంచి ఎవరింటికి పోయినా, ఎవరు వచ్చినా మూడుసార్లకు తక్కువ బలవంతం చేయలేదు. దొరసానమ్మ మన మనిషే అని ఊరంతా మెచ్చుకునేది అందుకే.

"నిజంగానే వద్దమ్మా" అంది సుంకులమ్మ. ఇది రెండోసారి.

"నిజంగానే అని కూడా అంటారు మీవాళ్లు. నాకు తెలుసులే."

మూడోసారి అనాలని సుంకులమ్మ నోరు తెరిచింది. అంటే ఏమవుతుందో ముందే కనపడింది. మూడు వద్దులయ్యాక ఇక్కడ ఎవరైనా తీసుకుంటారు. మూడో వద్దు వినగానే డాక్టరమ్మ సంతోషంగా ఆ ఉత్తరం ఆమె చేతిలో పెడుతుంది. గంట మోగితే కాళ్లు వాటంతట అవే లేస్తాయి కదా, మర్యాద ముందు ఆమె చెయ్యి కూడా అలాగే చాపుకుంటుంది. సుంకులమ్మ నోరు మూసుకుంది.

"వీడ్కోలు సభ రోజున నీకు ఆమె విలాసం ఇస్తాను" అంది డాక్టరమ్మ. "ఏ తేదీన, ఏ రైలుకు దిగుతావో అప్పుడు నువ్వు నాకు చెప్పు. అదే రోజు ఆమెకు ఉత్తరం వేస్తాను. తేదీ తెలియకపోతే పాపం ఆమె స్టేషనుకు ఎట్లా వస్తుంది?"

తరువాతి పది రోజులూ సుంకులమ్మ పనిలో తేడా ఎవరికీ కనపడలేదు. కొత్తగా చేరిన నర్సులకు నొప్పులు ఎక్కడ అసలువో, ఎక్కడ ఉత్తుత్తివో చెయ్యి పట్టి చూపింది. మందుల అలమారా సర్దింది. ఏ పల్లెలో ఎవరికి ఎన్నో నెలో రాసి పెట్టింది. ఒక ఆదివారం పల్లెకు పోయి తిరుపాలమ్మ దగ్గర ఒక పూట ఉండి వచ్చింది. గడప ముందు కూర్చున్న ఆడవాళ్లనూ చూసి వచ్చింది. ఊరివాళ్లు ఇచ్చిన సామాన్లలో పెట్టెలో పట్టినవి పట్టాయి, పట్టనివి హఫీజా గదిలో కుప్ప పడ్డాయి.

బయలుదేరే రోజు వచ్చింది. సాయంత్రం నాలుగు గంటలకు ఆసుపత్రి వరండాలో సభ. దండలు చెప్పారు, ఫొటోగ్రాఫరును పొద్దుటూరు నుంచి రప్పించారు. రంగన్న ఒక పట్టుచీర పెడతానన్నాడు. హెడ్మాస్టరు ఉపన్యాసం రాసుకున్నాడు. సభ అయ్యాక ఆసుపత్రి జీపులో ఆమెను ముద్దనూరు స్టేషనుకు చేర్చాలని ఏర్పాటు. పొద్దున పదిన్నరకు జమ్మలమడుగు నుంచి ముద్దనూరుకు ఒక బస్సు కూడా ఉంది.

ఆ పొద్దున ఆరు గంటలకే గంట మోగింది. వీరపునాయునిపల్లె వైపు నుంచి తొలి కాన్పు మనిషి వచ్చింది. చిన్న పిల్ల, బాగా భయపడిపోయి ఉంది. సుంకులమ్మ ఆమె తల దగ్గర కూర్చుంది. వాగుల మాట, కొండల మాట చెప్పింది. తొమ్మిదిన్నరకు మగపిల్లవాడు పుట్టాడు, గట్టిగా ఏడ్చాడు. బొడ్డు సరిచూసి, తల్లికి వేడి నీళ్లు తాపించి, రాసే పుస్తకంలో టైము రాసింది. కొత్త నర్సును పిలిచి ఏ గంటకు ఏమి చూడాలో చెప్పింది. చేతులు మోచేతుల దాకా కడుక్కొని, తుడుచుకొని, తువ్వాలును తీగ మీద ఆరేసింది. డాక్టరమ్మ అప్పుడు బయటి రోగులను చూస్తోంది. తలుపు సందులోంచి ఆమె గొంతు వినిపిస్తోంది. ఎవరినో మందు తప్పకుండా తాగాలని మూడోసారి బతిమాలుతోంది. సుంకులమ్మ ఆ తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడింది. డాక్టరమ్మ చేతిలో స్టెతస్కోపు ఉంది, తల వంచి వింటోంది. సుంకులమ్మ తలుపు తట్టలేదు.

గదిలోకి పోయి పెట్టె తీసుకుంది. తేలికగానే ఉంది.

వరండాలో ఆసుపత్రి బంట్రోతు ఖాజా సభకు కుర్చీలు మోసుకొస్తున్నాడు. అందరికంటే ముందుగా, చేతులున్న పెద్ద కుర్చీ తెచ్చాడు. అది సుంకులమ్మకు. ఎక్కడ వేయాలో తోచక ఆమెనే అడిగాడు.

"అక్కా, నీ కుర్చీ ఈడ ఎయ్యాల్నా, ఆడ ఎయ్యాల్నా?"

ఆమె వరండా అంతా ఒకసారి చూసింది. నాలుగు గంటలకు ఎండ ఏ పక్క పడుతుందో ఆలోచించింది.

"ఆ స్తంభం పక్కన ఎయ్ ఖాజా. ఎండ తగలదు" అంది.

ఖాజా కుర్చీ మోసుకొని స్తంభం దగ్గరికి నడిచాడు. అక్కడ దించి, కాళ్లు సమంగా ఆనేలా సర్ది, కుదిరిందా అని అడగడానికి వెనక్కి తిరిగాడు. వరండాలో ఎవరూ లేరు. గేటు అవతల రోడ్డు మీద ముద్దనూరు బస్సు కదులుతోంది.